రైట్ టు వర్క్ రాష్ట్రంలో పనిచేస్తుంటే యూనియన్ సంగతి ఎలా చూసుకోవాలి

అమెరికాలో టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా లాంటి చోట్ల పనిచేసే చాలామంది రైట్ టు వర్క్ అంటే ఉద్యోగానికి భరోసా అనుకుంటారు. అదేం కాదు. యూనియన్‌కు చందా కట్టలేదని మిమ్మల్ని పనిలోంచి తీసేయకూడదు, ఆ చట్టం చెప్పేది అంతే. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం రాష్ట్రాలకు ఈ వీలు కల్పించింది, రైట్ టు వర్క్ ఇప్పుడు 26 రాష్ట్రాల్లో ఉంది. మిషిగన్ 2023లో రద్దు చేసుకుంది.

మీ దగ్గర యూనియన్ ఉంటే ముందు కంపెనీతో యూనియన్ చేసుకున్న కాంట్రాక్ట్ కాపీ అడిగి తీసుకోండి. ఫిర్యాదు ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలో అందులో ఉంటుంది, ఆ గడువు దాటితే ఎంత న్యాయమైన ఫిర్యాదైనా వీగిపోవచ్చు. జీతంలోంచి చందా కోసుకోమని సంతకం పెట్టే కాగితం కూడా పూర్తిగా చదవండి, ఎందుకంటే మానేయాలనుకున్నా ఏడాదిలో కొన్ని రోజులే అవకాశం ఇచ్చేవి ఉంటాయి.

చందా కట్టాలా? కట్టమనే అంటాను. కట్టనివాళ్లకూ అదే కాంట్రాక్ట్ వర్తిస్తుంది, వాళ్ల తరఫునా యూనియన్ న్యాయంగా నిలబడాలని చట్టం ఉంది. అందరూ ఊరికే వస్తుంది కదా అనుకుంటే రేపు బేరమాడటానికి బలం ఎక్కడిది? పైగా సభ్యులు కానివాళ్లకు కాంట్రాక్ట్ మీద సాధారణంగా ఓటుండదు.

మేనేజర్ గదిలోకి పిలిచి ప్రశ్నలు మొదలుపెట్టాడనుకోండి, కంగారుపడకుండా ఇలా అనండి: "దీనివల్ల నా మీద చర్య తీసుకునే అవకాశముంటే, యూనియన్ ప్రతినిధి వచ్చాకే జవాబు చెప్తాను." 1975లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన హక్కు ఇది. కాకపోతే మీరే నోరు తెరిచి అడగాలి, కంపెనీ గుర్తుచేయదు.

యూనియన్ లేకపోతే, ఉద్యోగుల్లో 30 శాతం మంది యూనియన్ కావాలని చెప్పే కార్డుల మీద సంతకం చేస్తే, ఇలాంటి వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ జాతీయ కార్మిక సంబంధాల బోర్డును ఎన్నిక పెట్టమని అడగొచ్చు. ఇంకా ఎక్కువమంది చేశాకే వెళ్లండి, గెలవాలంటే పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి. యూనియన్ గురించి మాటలు బ్రేక్‌లో, సొంత ఫోన్లోనే. జీతాల గురించి తోటివాళ్లతో మాట్లాడుకోవడం కూడా 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం కాపాడే హక్కే. సూపర్‌వైజర్లు, పొలం కూలీలు, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లు మాత్రం ఈ చట్టం కిందికి రారు.

బెదిరించినా, షిఫ్ట్ మార్చి సతాయించినా తేదీ, టైం, అన్న మాట అన్నట్టుగా ఆ రోజే రాసిపెట్టుకోండి. బోర్డుకు ఫిర్యాదు చేయడానికి ఆరు నెలలే గడువు.