వేగ-కాల గ్రాఫు నుంచి త్వరణం కనుక్కోవడం ఎలా?

వేగ-కాల గ్రాఫులో గీత ఎంత ఎత్తున ఉందో చూస్తే వేగం తెలుస్తుంది, ఎంత ఏటవాలుగా ఉందో చూస్తే త్వరణం, అంటే వేగం మారే రేటు, తెలుస్తుంది. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ రెంటినీ కలిపేసుకున్నప్పుడే.

ముందుగా అక్షాలను చదవాలి. నిలువు అక్షం మీద వేగానికి బదులు స్థానభ్రంశం (మొదలైన చోటు నుంచి వస్తువు ఏ దిశలో ఎంత జరిగిందన్నది) ఉంటే, ఆ గీత వాలు ఇచ్చేది వేగాన్నే గాని త్వరణాన్ని కాదు. వేగం గంటకు కిలోమీటర్లలో ఉంటే 5/18తో గుణించి సెకనుకు మీటర్లలోకి మార్చుకోవాలి.

తరువాత గీత తిన్నగా ఉన్న భాగంలో రెండు బిందువులను ఎంచుకుని, వేగంలో వచ్చిన మార్పును పట్టిన కాలంతో భాగించాలి. ఆ బిందువులు వీలైనంత దూరంగా ఉంటే మంచిది, ఎందుకంటే దగ్గర బిందువులు తీసుకున్నప్పుడు గ్రాఫు చదవడంలో జరిగే చిన్న పొరపాటు కూడా జవాబును బాగా మార్చేస్తుంది.

ఒక మెట్రో రైలు స్టేషన్ నుంచి బయలుదేరి 25 సెకన్లలో గంటకు 72 కిలోమీటర్ల వేగాన్ని, అంటే 20 మీ/సె వేగాన్ని అందుకుని, 75వ సెకను వరకు అదే వేగంతో సాగి, 95వ సెకనుకు తరువాతి స్టేషన్‌లో ఆగిందనుకుందాం. మొదటి భాగంలో త్వరణం 20 ÷ 25, అంటే 0.8 మీ/సె². మధ్య భాగంలో గీత అడ్డంగా ఉంటుంది కనుక, రైలు అత్యధిక వేగంతో పోతున్నా త్వరణం సున్నా. చివరి భాగంలో (0 − 20) ÷ (95 − 75), అంటే −1 మీ/సె². బయలుదేరినప్పటికంటే ఆగేటప్పుడు గీత ఎక్కువ నిటారుగా కనిపించేది అందుకే. గీత వంపు తిరిగి ఉంటే మాత్రం, కావలసిన క్షణం వద్ద స్పర్శరేఖ (ఆ బిందువు దగ్గర వంపును తాకుతూ పోయే తిన్నని గీత) గీసి దాని వాలును లెక్కించాలి.

ఇక రుణ గుర్తు సంగతి. రుణ త్వరణం ఉంటే వస్తువు నెమ్మదిస్తున్నట్టేనని తేల్చేయకూడదు. గాలి నిరోధాన్ని పక్కనపెట్టి, పై దిశను ధనాత్మకంగా తీసుకుని, 19.6 మీ/సె వేగంతో పైకి విసిరిన బంతికి గ్రాఫు గీస్తే, ఒకే తిన్నని గీత కిందికి దిగుతూ 2వ సెకను దగ్గర కాలాక్షాన్ని దాటి, 4వ సెకనుకు −19.6 మీ/సె చేరుతుంది. అక్షాన్ని దాటే ముందు బంతి నెమ్మదిస్తుంది, దాటాక కిందికి వస్తూ వడి పెంచుకుంటుంది. గీత వాలు ఎక్కడా మారలేదు కాబట్టి, బంతి శిఖరాన ఉండి వేగం సున్నా అయిన క్షణంలో కూడా త్వరణం −9.8 మీ/సె² గానే ఉంటుంది.