తక్కువ ఖర్చుతో ఓరుగల్లు పాత వాడలు ఎలా తిరగాలి?

వరంగల్‌కు వచ్చే చుట్టాలు మమ్మల్ని మొదట అడిగే మాట, "రోజంతా ఆటో మాట్లాడుకుంటే ఎంత తీసుకుంటడు?" అని. కొన్నేళ్ల కింద మా మేనత్త వాళ్లు వస్తే నేనూ అట్లాగే ఆటో మాట్లాడాను. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా ఐదు చోట్లు తిప్పాడు. కోటలో దిగీ దిగకముందే "ఇరవై నిమిషాల్లో వచ్చేయండి" అన్నాడు. ఆ టెన్షన్‌లో తోరణం ముందు నిలబడి ఫొటో దిగి వచ్చేశాం. ఇంటికి వచ్చాక మా అత్తమ్మ "కోట ఏది? రాళ్లే కనబడ్డయి కదా" అంది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి మా ఊరు చూపించలేకపోయానని చాలా బాధపడ్డాను.

అప్పటి నుంచి ఎవరు వచ్చినా ఐదు చోట్లు తిప్పడం మానేశాను. హనుమకొండ, కొత్తవాడ, కోట: మూడు వాడలు, ఒక రోజు, ఎక్కువ భాగం నడక. దీంట్లో ఖర్చు తక్కువ, చూసేది ఎక్కువ. ఊళ్లో తిరిగే ఛార్జీలు, తిండి, టికెట్ అన్నీ కలిపినా మనిషికి ఐదు వందలు దాటదు.

ముందుగా రోజు చూసుకోండి

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే హాయిగా నడవొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర రాయి ముట్టుకుంటే కాలుతుంది, చిన్నపిల్లలతో అసలు రావొద్దు. బతుకమ్మ రోజులు కుదిరితే అంతకన్నా మంచి సమయం లేదు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి, సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట కింది గుండం ఆడవాళ్లతో నిండిపోతాయి. ఆ రెండు సాయంత్రాలూ చూడడానికి పైసా ఖర్చు లేదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు రైలులో జనరల్ టికెట్ తీసుకుని కాజీపేటలో దిగండి. అక్కడి నుంచి హనుమకొండకు వెళ్లండి. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం వరంగల్ స్టేషన్‌లో ఎక్కండి, కోటకు అది దగ్గర. తెలంగాణ ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి వాళ్లకు బస్సే మేలు. ఆధార్ కార్డు మర్చిపోవద్దు.

ఒకటి: పొద్దున్నే హనుమకొండ

ఆరున్నర, ఏడు గంటలకల్లా పద్మాక్షి గుట్ట కింద ఉండండి. మెట్లెక్కితే పైన అమ్మవారి గుడి ఉంటుంది. ఇది మొదట జైనుల చోటు. ఇక్కడి 1117 నాటి శాసనం ప్రకారం, కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది అనే జైన గుడి కట్టించింది. రాతి మీద చెక్కిన తీర్థంకరులు ఇప్పటికీ కనబడతారు. అమ్మవారికి మొక్కేవాళ్లు వాళ్లకూ దండం పెట్టి వెళ్తారు. గుట్ట మీద నుంచి ఊరు మొత్తం కనిపిస్తుంది. రోజంతా ఎటు నడవాలో పిల్లలకు ఇక్కడి నుంచే చూపించండి.

కిందికి దిగి దారిలో ఏదో ఒక టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీయో ఉప్మానో తిని వేయిస్తంభాల గుడికి వెళ్లండి. ప్రవేశం ఉచితం. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని రాయి రాయి విప్పి మళ్లీ కట్టడానికి ఏళ్లు పట్టింది. 2024 మార్చిలో తెరిచారు. విప్పినప్పుడు పునాది కింద ఇసుక పొర బయటపడింది. ఆ ఇసుక మీదే ఆ బరువంతా అన్ని వందల ఏళ్లు నిలబడింది.

ఇక్కడ స్తంభాలు లెక్కపెట్టే పని పెట్టుకోకండి. ఒక్క స్తంభం దగ్గర ఆగండి. కొంత దూరం పలకలుగా, కొంత దూరం గుండ్రంగా, మళ్లీ పలకలుగా పోతుంది. గుండ్రటి భాగాన్ని కొంచెం పక్క నుంచి చూస్తే, మెరుపులో ఎదురుగా ఉన్న మనిషి నీడ మసకగా కదులుతూ కనబడుతుంది. గట్టి నల్లరాయిని అంత నున్నగా చేయడానికి ఎన్ని చేతులు అరిగిపోయి ఉంటాయో అనిపిస్తుంది నాకు, వెళ్లిన ప్రతిసారీ.

ఆవరణలో ఉన్న శాసనం రాయి దగ్గరికి తప్పకుండా వెళ్లండి. చాలామంది దాని పక్క నుంచే నడిచి వెళ్లిపోతారు. భాష సంస్కృతం, లిపి మాత్రం తెలుగు-కన్నడ లిపి. ఓపిగ్గా చూస్తే కొన్ని అక్షరాలు మీరే పోల్చుకుంటారు. మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు అక్కడే అరగంట కూర్చుని నాలుగు అక్షరాలు పట్టింది. ఆ రోజు ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది.

రెండు: ఎండ పొద్దు కొత్తవాడలో

పది దాటాక హనుమకొండ చౌరస్తాలో వరంగల్ వైపు వెళ్లే బస్సో, షేర్ ఆటోనో ఎక్కి ఎంజీఎం సెంటర్‌లో దిగండి. కొత్తవాడ ఎటు అని ఎవరిని అడిగినా చెప్తారు. ఎండ ముదిరే వేళ కాబట్టి నీడపట్టున ఉండే చోటు ఎంచుకోవాలి, మగ్గాలు ఉండేవి ఇళ్లలోనే.

ఇది నేతన్నల వాడ. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మన ఇళ్లలో పెళ్లికో, పూజకో పరిచే జంపఖానాలు, శత్రంజీలు ఇవే. గల్లీలో నడుస్తూ మగ్గం చప్పుడు వినబడిన ఇంటి ముందు ఆగండి. "చూడొచ్చా అన్నా?" అని అడిగి, రమ్మంటేనే లోపలికి వెళ్లండి. ఫొటో తీసేముందు మళ్లీ అడగండి. వాళ్లకు అది పని గంట, నేసినదాన్ని బట్టే కూలి వస్తుంది. పది నిమిషాలు చూసి కదలండి. కొనాలనిపిస్తే అక్కడే కొనండి. నేసిన మనిషి చెప్పిన ధరను గీచి గీచి బేరమాడకండి. పొదుపు చేసుకోవడానికి ఆటో ఉంది, హోటల్ ఉంది, ఇంకా బోలెడు ఉన్నాయి.

ఈ వాడలు ఎదగడంలో ఆజంజాహి మిల్లు పాత్ర చిన్నది కాదు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ బట్టల మిల్లు ఇప్పుడు లేదు. అందులో పనిచేసిన పెద్దమనుషులు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. ఎవరైనా అరుగు మీద కూర్చుని కనబడితే "తాతా, మీరు మిల్లులో చేసిన్రా?" అని ఒక్క మాట అడిగి చూడండి. ఆ తర్వాత మీరు అడగాల్సిన పని ఉండదు.

భోజనం వరంగల్ చౌరస్తా, స్టేషన్ రోడ్డు వైపు మెస్సుల్లో చేయండి. కడుపునిండా పెడతారు.

మూడు: మూడు గంటలకు కోట

సగం రోజు దీనికే ఉంచుకోండి. ఒక్క చోటే చూసే టైముంటే మిగతావి వదిలేసి ఇక్కడికే రండి. వరంగల్ చౌరస్తా దగ్గర "ఖిలా" అని అడిగితే షేర్ ఆటో దొరుకుతుంది. నడిచి వెళ్లినా మరీ దూరమేం కాదు.

ఖిలా వరంగల్ ఖాళీ కోట కాదు. తూర్పు కోట, మధ్య కోట, పడమర కోట అనే పేర్లతో లోపల ఊరుంది, ఇళ్లున్నాయి, బడి ఉంది. గణపతిదేవుడి కాలంలో మొదలుపెట్టి రుద్రమదేవి కాలంలో పూర్తిచేసిన రాతికోట ఇది. దాని చుట్టూ అగడ్త, ఇంకా అవతల మట్టికోట. ఆ రెండిటి మధ్య ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. మట్టికోట దాటేటప్పుడు చాలామంది అదేదో చెట్లు మొలిచిన గట్టు అనుకుంటారు. అక్కడే దిగి నడవడం మొదలుపెట్టండి.

రాతికోట దర్వాజాలో దారి నేరుగా పోదు. లోపలికి అడుగుపెట్టగానే పక్కకు తిరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది. ఏనుగులతో తలుపు మీదికి ఉరికి వచ్చే శత్రువు వేగం ఆ మలుపులోనే చచ్చిపోవాలని అట్లా కట్టారు. మలుపులో నిలబడి గోడను చూడండి. సున్నం లేదు. రాయి మీద రాయి కూర్చోబెట్టారంతే. ఇప్పుడు ఆ మలుపులోనే ఆటోలు హారన్ కొట్టుకుంటూ తిరుగుతాయి, పిల్లలు సైకిళ్ల మీద బడికి పోతారు. ఈ గోడకు 45 బురుజులున్నాయి. ఓపికుంటే ఒక వైపు పట్టుకుని కొంత దూరం గోడ వెంటే నడవండి. పూర్తి చుట్టు సుమారు నాలుగు కిలోమీటర్లు వస్తుంది, పిల్లలతో కష్టం.

మధ్య కోటలో తోరణాల ఆవరణకు పురావస్తు శాఖ టికెట్ ఉంటుంది, మన దేశస్థులకు 25 రూపాయలు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. ఆన్‌లైన్‌లో తీసుకుంటే ఇంకొంచెం తగ్గుతుంది. నాలుగు దిక్కుల నాలుగు కీర్తి తోరణాలు, మధ్యలో నేలంతా పరుచుకున్న స్వయంభూ దేవాలయం ముక్కలు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ సైన్యం కోటను గెలిచాక ఊరి పేరే సుల్తాన్‌పూర్ అయింది. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇదే. తల పైకెత్తి చివర్లలో ఉన్న హంసలను చూడండి. తర్వాత కింద పడి ఉన్న రాళ్ల దగ్గర వంగి చూడండి. గొలుసులు, తామర మొగ్గలు కంటికి ఇంత దగ్గరగా ఇంకెక్కడా దొరకవు. ముట్టుకోవద్దు, ఎక్కి కూర్చోవద్దు. పిల్లలకు ముందే చెప్పండి.

పక్కనే ఖుష్ మహల్. కాకతీయుల తర్వాత ఒకప్పుడు వరంగల్‌ను ఏలిన షితాబ్ ఖాన్ పేరుతో చెప్పుకునే దర్బారు ఇది. వాలుగా లేచే మందపాటి గోడలు, లోపల పెద్ద పెద్ద కమానులు. ఎండలో తిరిగి తిరిగి లోపలికి వెళ్తే ఒక్కసారిగా చల్లబడతారు.

ఐదున్నర ప్రాంతంలో ఆవరణ బయట చాయ్ తాగుతూ కాసేపు కూర్చోండి. తోరణాల మీద ఎండ పచ్చబడే వేళ అది. ఖిలా వాళ్లతో మాట కలపండి. ఏ రాయి ఎక్కడ ఉందో వాళ్లకు తెలిసినట్టు ఏ బోర్డూ చెప్పదు. చీకటి పడ్డాక షేర్ ఆటోలు పలచబడతాయి, ఆరున్నరకల్లా దర్వాజా దగ్గరికి వచ్చేయండి. స్టేషన్ అనగానే ఎక్కించుకుంటారు.