దసరా సరుకు లారీ ఎక్కకముందే

దసరాకి సూరత్ నుంచి చీరలు తెప్పించే చిన్న షాపులవాళ్లు ఆర్డరు పెట్టేముందే ఒక సంగతి తెలుసుకోవాలి. అక్కడి వ్యాపారి బేళ్లు (చీరల మూటలు) ట్రాన్స్‌పోర్ట్‌లో వేసి మీ పేర బిల్టీ (లారీ రసీదు) రాయించాడంటే, వేరే మాట అనుకోకపోతే, చట్టం లెక్కలో సరుకు మామూలుగా మీకు అందినట్టే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం, 39వ సెక్షన్ చెప్పేది ఇదే. దారిలో వానకి బేలు తడిస్తే ఆ నష్టం ఎక్కువసార్లు మీ నెత్తిన పడుతుంది. అందుకే "షాపుకి చేరేదాకా రిస్క్ మాదే" అని ఆ వ్యాపారి చేత వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. ఫోన్లో "దేఖ్‌లేంగే భాయ్" (చూసుకుందాంలే) అన్న మాట తర్వాత ఎందుకూ పనికిరాదు. వాళ్లు ఒప్పుకోకపోతే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ (దారిలో జరిగే నష్టానికి బీమా) చేయించండి, బుకింగ్‌లో సరుకు అసలు విలువే వేయించండి.

దించుకునేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. హమాలీలు తొందరపెడతారు, డ్రైవరు సంతకం కోసం కాగితం చాపుతాడు. ఆగండి. బేలు కుట్టు ఊడిందా, అడుగున చెమ్మ ఉందా చేత్తో తడిమి చూడండి. తేడా ఉంటే డ్రైవరు కాపీ మీదే "ఒక బేలు తడిసింది, కుట్టు విప్పి ఉంది" అని రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి. ఫోటో కూడా తీసుకోండి.

సరుకు పరీక్షించి చూసుకునే హక్కు మీకుంది. కానీ తేడా ఉందని తెలిసీ అందులోంచి చీరలు అమ్మేస్తే, లేదా చాలా రోజులు ఉలుకూ పలుకూ లేకుండా ఉంచుకుంటే, ఒప్పుకున్నట్టే లెక్క.

200 చీరలకి 170 వస్తే మొత్తం వద్దనవచ్చు. ఉంచుకుంటే మాత్రం 170కి ఒప్పుకున్న రేటు కట్టాలి. 230 వస్తే 200 ఉంచుకుని మిగతావి వద్దనండి. అన్నీ ఉంచుకుంటే అన్నిటికీ డబ్బు కట్టాల్సిందే. వద్దన్న సరుకుని మీ ఖర్చుతో తిప్పి పంపనక్కర్లేదు, కబురు చేస్తే చాలు. ఆ కబురు రాతలో ఉంటే మంచిది.

కొనేవాళ్ల బాధ్యత కూడా తక్కువేం కాదు. అప్పు మాట లేకపోతే సరుకు చేతికొచ్చేటప్పుడే డబ్బు సిద్ధంగా ఉండాలి. గిరాకీ లేదని బేళ్లు గోడౌన్‌లోనే వదిలేస్తే, తీసుకోమని అమ్మినవాడు అడిగాక కూడా కదలకపోతే, ఆ నష్టం, నిల్వ ఖర్చు మీ మీదికే వస్తాయి.

ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల మీద దావా వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు వాళ్లకి రాతపూర్వకంగా నోటీసు అందాలి. పండగ హడావుడిలో బిల్టీ ఎక్కడో పడేయకండి, ఆ తేదీ దాని మీదే ఉంటుంది.