డబ్బా ఖాళీ, తెర మీద మాత్రం ‘నిండింది’: స్మార్ట్ చెత్తడబ్బా సమస్య - పరిష్కారం

లక్షణం: స్మార్ట్ డబ్బా మూత లోపలి సెన్సార్ చెత్త ఎంతవరకు నిండిందో కొలిచి మన తెరకు పంపుతుంది. తెల్లవారుజామున తడి చెత్త డబ్బా నిండిపోయినట్టు ఆ తెర మీద ఎర్ర గుర్తు పడుతుంది. బండి వెళ్ళి చూస్తే అడుగున నాలుగు అరటాకులు, రెండు బొండాల డిప్పలు. ఎండెక్కేసరికి, ఎవరూ చెయ్యి పెట్టకుండానే, అదే డబ్బా ‘ఖాళీ’ అంటుంది.

ముందుగా మూత తీసి లోపలికి చూడండి. ఇంత చిన్న పని చేయకుండా సెన్సార్ పాడైందని ఫిర్యాదు రాసేవారే ఎక్కువ. మూతకు పాలిథిన్ సంచి వేలాడుతుండవచ్చు, అరటి దూట అడ్డంగా ఇరుక్కుని ఉండవచ్చు. తీసేస్తే సరిపోతుంది. డబ్బా మార్చి ఉంటే కొత్తదాని లోతు నమోదైందో లేదో చూడండి. పాత లోతే ఉంటే లెక్క తప్పకుండా తప్పుతుంది.

ఇవేవీ కాకపోతే అసలు కారణం చెమ్మ. డెల్టాలో నేను చూసిన దొంగ ఎర్ర గుర్తుల్లో ఎక్కువ భాగం దీనివల్లే. కుళ్ళుతున్న తడి చెత్త రాత్రంతా వెచ్చటి ఆవిరి వదులుతుంది. పైన మూత మంచుకు చల్లబడుతుంది. అన్నం గిన్నె మూతకు పట్టినట్టే దీని లోపలి వైపూ నీటి బొట్లు పడతాయి. సెన్సార్ ఉండేది సరిగ్గా అక్కడే. అది మన చెవికి వినపడని ధ్వనిని, సాధారణంగా 40 కిలోహెర్ట్జ్‌ది, కిందికి వదిలి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం లెక్క కడుతుంది. ముఖం మీద బొట్టు నిలిస్తే, దాన్నే దగ్గరి అడ్డుగా తీసుకుని తాను కొలవగల కనిష్ఠ దూరాన్ని పంపుతుంది. నీరు చొరని రకాల్లో అది సుమారు 20-25 సెంటీమీటర్లు. తెర మీద దాని అర్థం ‘నిండింది’.

ఇది చిక్కకపోవడానికి కారణం ఒక్కటే. మనవాళ్ళు మధ్యాహ్నం వెళ్ళి సెన్సార్ మారుస్తారు. అప్పటికి బొట్లు ఆరిపోయి ఉంటాయి కనుక కొత్తది చక్కగా పనిచేస్తుంది. మర్నాడు వేకువన మళ్ళీ ఎర్ర గుర్తు. మంచి సెన్సార్లు మూలన పడతాయి, బండి డీజిల్ వృథా అవుతుంది, నిజంగా పొంగిపొర్లుతున్న రైతుబజారు డబ్బా దగ్గరికి ఎవరూ వెళ్ళరు. నాకు బాధ కలిగించేది ఈ చివరిదే.

గుర్తుపట్టడం సులువు. రాత్రి రీడింగులు వరుసగా చూడండి. చెత్త పడితే దూరం మెట్లు మెట్లుగా తగ్గుతుంది. చెమ్మయితే ఒక్కసారిగా కనిష్ఠానికి పడిపోయి, గంటల తరబడి అదే అంకె మీద నిలుస్తుంది. అనుమానం తీరకపోతే వేకువన అయిదు గంటలకు వెళ్ళి సెన్సార్ ముఖాన్ని వేలితో తాకండి.

గుడ్డతో తుడిస్తే ఒక్క పూట మాత్రమే. డబ్బా పై అంచు కింద, వాన పడని వైపు, ఆవిరి పోయే రంధ్రాలు పెట్టించండి. ఇనుప మూతయితే లోపల సెన్సార్ చుట్టూ ఫోమ్ అతికించండి, లోపలి వైపు చల్లబడటం తగ్గుతుంది. సెన్సార్‌ను కొద్దిగా వాలుగా బిగిస్తే బొట్టు జారిపోతుంది. మరీ వాలిస్తే గోడను కొలుస్తుంది. ‘నిండింది’ అనే హద్దును కనిష్ఠ దూరానికి పైన, 40 సెంటీమీటర్ల దగ్గర పెట్టండి. ఆ హద్దు మీదుగా మెట్లు మెట్లుగా రాకుండా నేరుగా కనిష్ఠానికి దూకిన రీడింగును నమ్మవద్దని సాఫ్ట్‌వేర్ చూసేవారికి చెప్పండి.

ఘనవ్యర్థాల నిబంధనలు కోరినట్టు తడి, పొడి వేరు చేసే వీధుల్లోనే ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే అక్కడ తడి డబ్బాలో నిజంగా తడి చెత్తే ఉంటుంది. దయచేసి ఆ వంకతో వేరు చేయడం మానవద్దు.

మిగిలినవి అరుదు. ఉప్పుగాలికి తీగల కొసలు చిలుము పడితే గీకి గ్రీజు రాయండి. రీడింగే రాకపోతే బ్యాటరీ, ఆపైన సిమ్ గడువు చూడండి. ఎలుక తీగ కొరికితే తీగ మార్చండి.