వానాకాలంలో ట్యాబ్లెట్ ట్రయల్సా? డీఓఈ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

డీఓఈ అంటే డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్, సెట్టింగులను (వీటినే ఫ్యాక్టర్లు అంటాం) ఒక ప్లాన్ ప్రకారం కలిపి మార్చి చూడటం. ట్రయల్స్ అయిపోయాక గ్రాఫులు ముందేసుకుని ఎంత తల పట్టుకున్నా లాభం ఉండదు, అప్పటికి డ్రగ్ అయిపోయి ఉంటుంది, మెషిన్ని ప్రొడక్షన్ వాళ్లు లాగేసుకుని ఉంటారు. కాబట్టి జాగ్రత్తలన్నీ ముందే.

మామూలుగా చేసేదే తీసుకుందాం. మెగ్నీషియం స్టియరేట్ (పొడి మెషిన్‌కి అంటుకోకుండా వేసే లూబ్రికెంట్) వేశాక బ్లెండింగ్ టైమ్ 2, 10 నిమిషాలు. కంప్రెషన్ ఫోర్స్ 8, 16 కిలోన్యూటన్లు. టరెట్ స్పీడ్, అంటే ట్యాబ్లెట్ మెషిన్ తిరిగే వేగం, 20, 40 ఆర్పీఎం. మూడింటికీ రెండేసి లెవల్స్ కాబట్టి మొత్తం 8 రన్స్, నట్టనడిమి సెట్టింగ్‌లో ఇంకో 3. చూసేది హార్డ్‌నెస్, డిసొల్యూషన్ (ట్యాబ్లెట్లోంచి డ్రగ్ కరిగే వేగం).

ముందు రన్ ఆర్డర్. సాఫ్ట్‌వేర్ కలగాపులగంగా ఇస్తుంది, అది చూసి ఆపరేటర్ "సార్, 8 కిలోన్యూటన్లవి అన్నీ పొద్దున లాగించేసి 16వి మధ్యాహ్నం పెట్టుకుందాం, ఊరికే సెట్టింగ్ మార్చడం ఎందుకు" అంటాడు. మంచికే అంటాడు, అయినా ఒప్పుకోకండి. మధ్యాహ్నం వాన పట్టుకుని, ఏహెచ్‌యూ (గది గాలిని అదుపులో ఉంచే యూనిట్) అంతంతమాత్రంగా పనిచేసి గదిలో తేమ పెరిగిందంటే, హార్డ్‌నెస్ మారింది ఫోర్స్ వల్లో తేమ వల్లో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. రెండు రోజులు పట్టేలా ఉంటే రోజును బ్లాక్‌గా పెట్టండి, అంటే రోజుకీ రోజుకీ ఉన్న తేడాని ఎనాలిసిస్‌లో విడిగా లెక్కేయండి. ప్రతి రన్ పక్కన గది తేమ, గ్రాన్యూల్స్ ఎల్ఓడీ (ఆరబెడితే తగ్గే బరువు, అంటే వాటిలోని తేమ) రాయించండి.

అసలు చిక్కు బ్లెండింగ్‌తో. ఫోర్స్, స్పీడ్ ప్యానెల్ మీద మార్చేయొచ్చు, ఇది అలా కుదరదు. అందుకని చాలామంది 2 నిమిషాల బ్లెండ్ ఒకటి, 10 నిమిషాలది ఒకటి చేసేసి, ఒక్కోదాన్నుంచి నాలుగేసి రన్స్ తీసి, అవి ఎనిమిదీ దేనికది విడి అన్నట్టు ఎనాలిసిస్ చేస్తారు. బ్లెండింగ్ వరకు మీ దగ్గరున్నవి రెండే బ్లెండ్లండీ! ఒకదాంట్లో స్టియరేట్ సరిగ్గా జల్లించకుండా ఉండలతో పడిందనుకోండి, ఆ తేడా అంతా టైమ్ ఖాతాలోకే పోతుంది. పైగా ఎక్కువసేపు తిప్పితే స్టియరేట్ గ్రాన్యూల్స్ మీద పొరలా పరుచుకుని హార్డ్‌నెస్ తగ్గొచ్చు, నీరు పట్టనివ్వదు కాబట్టి డిసొల్యూషన్ కూడా నెమ్మదించొచ్చు, అంటే మనం పట్టుకోవాలనుకున్న ఫ్యాక్టరే ఇది. చిన్న బ్లెండర్‌లో ఒక్కో టైముకి రెండేసి బ్లెండ్లు విడిగా చేయండి, నాలుగింటికీ రెండేసి రన్స్ పంచండి, నడిమి రన్స్‌కి 6 నిమిషాల బ్లెండ్ వేరే, ఎనాలిసిస్ స్ప్లిట్-ప్లాట్‌గా, అంటే బ్లెండ్ల మధ్య తేడా, రన్స్ మధ్య తేడా వేర్వేరుగా లెక్కేసేలా.

16 కిలోన్యూటన్లు, 40 ఆర్పీఎం కలిసే చోట క్యాపింగ్ (ట్యాబ్లెట్ పైభాగం మూతలా ఊడిపోవడం) వస్తుందేమో ముందే కొన్ని ట్యాబ్లెట్లు కొట్టి చూడండి. రన్స్ మధ్యలో లెవల్స్ మార్చితే డిజైన్ చెడుతుంది. క్యూసీకి శాంపిల్స్ కోడ్ నంబర్లతోనే పంపండి, ఏది ఏ సెట్టింగో వాళ్లకి తెలియకూడదు.

బడ్జెట్ చూసి ఎవరైనా "ఎల్9 వేసేయండి" అంటే కాస్త ఆగండి. అది 9 రన్స్‌తో సరిపెట్టే రెడీమేడ్ టేబుల్. నాలుగు ఫ్యాక్టర్ల దాకా 9 రన్స్‌లో సర్దుకుంటాయి కానీ ఇంటరాక్షన్లకి (ఒక ఫ్యాక్టర్ ప్రభావం ఇంకోదాన్ని బట్టి మారడానికి) చోటు మిగలదు, ట్యాబ్లెట్లలో ఫోర్స్, బ్లెండింగ్ ఒకదాన్నొకటి లాగుతూనే ఉంటాయి. (ఈ టేబుల్స్ జపాన్ ఇంజినీర్ టాగుచి పేరుతో చలామణీ అవుతున్నాయి గానీ, వీటి వెనకున్న ఆర్తోగోనల్ అర్రేల సిద్ధాంతాన్ని 1940లలోనే కట్టింది మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన స్టాటిస్టీషియన్ సి.ఆర్.రావు గారు.)

చివర్లో మంచి సెట్టింగ్ అని తేలినచోట కొత్తగా రెండు బ్లెండ్లు చేసి చూడాలి. దానికి సరిపడా డ్రగ్ అదే లాట్‌లోంచి ఇవాళే స్టోర్స్‌లో పక్కన పెట్టించండి.