సోమవారం నుంచి శనివారం దాకా: దేవుణ్ణి నమ్మి సువార్తకు తగినట్టు నడుచుకోవడం ఎలా

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల సంఘాలలో ఎవరి కష్టం విన్నా మన నోట ముందుగా వచ్చే మాట ‘ప్రభువు చూసుకుంటాడు’. మాటలో తప్పేమీ లేదు. అయితే అప్పు తీర్చే ఉద్దేశం లేనివాడూ ఆ మాట అనగలడు, పాడి ఆవును అమ్మి అప్పు తీర్చి వచ్చినవాడూ అనగలడు. ఎవరి మాట విశ్వాసంలోంచి వచ్చిందో ఆదివారం ఆరాధనలో పక్కపక్కన కూర్చున్నప్పుడు తెలియదు, మిగిలిన ఆరు రోజుల్లో వాళ్ల లావాదేవీలు చూస్తే తెలుస్తుంది. ఈ వ్యాసం ఆ ఆరు రోజుల కోసం రాసింది. కొత్త సిద్ధాంతమేదీ ఇందులో లేదు. ఎప్పుడు ఏం చదవాలి, ఎలా ప్రార్థించాలి, డబ్బు చేతికి వచ్చినప్పుడు, జబ్బు చేసినప్పుడు, తగాదా వచ్చినప్పుడు ఏం చేయాలి అన్న సంగతులే ఉన్నాయి.

ఉదయం: వాగ్దానాన్ని అధ్యాయంతో కలిపి చదవండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలా సంఘాలు వాగ్దాన కార్డులు పంచుతాయి. బుట్టలో చెయ్యి పెట్టి కార్డు తీసుకుని, ఏడాదంతా దాన్ని బీరువా తలుపుకో, ఆటో అద్దం పక్కనో అతికించుకుంటాం. ఆ అలవాటును మానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కార్డు మీద ఉన్న వచనాన్ని దాని అధ్యాయంలోకి తిరిగి తీసుకువెళ్లి చదవడం మాత్రం తప్పనిసరి అంటాను.

ఎక్కువమందికి వచ్చే వచనం యిర్మీయా 29:11. దేవుని ఉద్దేశాలు మనకు సమాధానం కలిగించేవే తప్ప హాని చేసేవి కావని, రాబోయే కాలంలో నిరీక్షణ ఉందని అది చెబుతుంది. అయితే ఆ మాట బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి రాసిన ఉత్తరంలోనిది. దాని పై వచనంలోనే 70 సంవత్సరాలు పూర్తయిన తరువాత అని ఉంది. అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది తమ ఊరు తిరిగి చూడకుండానే కన్నుమూస్తారు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అన్నీ తిరిగి వస్తాయని చెప్పాడు. వినేవారికి ఆ మాట ఎంతో తీపిగా ఉండి ఉంటుంది, కాని దేవుడు అతణ్ణి పంపలేదు. జనవరిలో మనం కోరుకునే వాగ్దానం చాలాసార్లు హనన్యా చెప్పే రకంగా ఉంటుందేమో చూసుకోవడం మంచిది.

మరి ఆ 70 ఏళ్లూ ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటి ఫలాలు తినమన్నాడు, పిల్లలకు పెళ్లిళ్లు చేయమన్నాడు, తాము ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. వాగ్దానాన్ని నమ్మడమంటే ఆ మధ్యకాలంలో చేయవలసిన పని చేయడమే.

కాబట్టి ఉదయం ఫోను చేతిలోకి తీసుకోకముందే, ఒక్క వచనం బదులు ఒక పూర్తి అధ్యాయం చదవండి. పాలు పితికే ఇంట్లో, మొదటి బస్సుకు వెళ్లే ఇంట్లో అంత తీరిక ఉండదన్నది నిజమే. అలాంటివారు రాత్రి చదువుకుని, పొద్దున దాన్ని తలచుకుంటే సరిపోతుంది. చదివాక ఈ మాట ఎవరికి, ఎలాంటి పరిస్థితిలో చెప్పారు, వాళ్లను ఏం చేయమన్నారు అని అడగండి. ఆ తరువాత ఈ రోజు నేను కలవబోయే మనుషుల్లో ఎవరి విషయంలో ఇది వర్తిస్తుందో చూడండి. మనిషి పేరు మనసుకు తట్టేవరకు వాక్యధ్యానం పూర్తికానట్టే లెక్క.

చింతను కాగితం మీద పెట్టండి

దేనిగురించీ చింతపడవద్దని, ప్రతి విషయంలోను కృతజ్ఞతతో కూడిన విన్నపం దేవునికి తెలియజేయమని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4:6 చెబుతుంది. చాలామంది మొదటి సగాన్ని ఆజ్ఞగా తీసుకుని చింతను దాచుకుంటారు, సంఘంలో అడిగితే ‘బాగున్నామండి, స్తోత్రం’ అంటారు. రెండో సగం లేకుండా మొదటిది చేయడం ఎవరివల్లా కాదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క నా చేతిలో ఉన్న పని, కుడి పక్క నా చేతిలో లేనిది రాయండి. ఉదాహరణకు 2025 వేసవిలో ఈ జిల్లా తోతాపురి మామిడి రైతుల పరిస్థితి తీసుకుందాం. కాపు బాగా వచ్చింది, ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు దక్కేలా గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయమైనా, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరి కాయ వాటిలోనే మగ్గింది. అలాంటి రోజున విశ్వాసి అయిన రైతు కుడి పక్క రాయవలసినవి ఫ్యాక్టరీ గేటు, ధర, వాన. ఎడమ పక్క రాయవలసినవి కోత కూలి ఎవరికి ఎంత బాకీ, ప్రభుత్వ సాయానికి కావలసిన కాగితాలు, బ్యాంకు మేనేజరును గడువు అడగడం, పక్క తోట రైతుతో కలిసి లారీ మాట్లాడడం. కుడి పక్క ఉన్నవాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి ప్రార్థనలో చెప్పాలి. ఎడమ పక్క ఉన్నవాటిలో ఒకటి ఆ రోజే చేయాలి. ప్రార్థించాం గదా అని ఎడమ పక్కవి వదిలేసినా, పరుగులు పెడుతున్నాం గదా అని కుడి పక్కవాటి గురించి ప్రార్థించకపోయినా, నమ్మిక సగంలోనే ఆగిపోతుంది.

ఈ సందర్భానికి హబక్కూకు గ్రంథం మూడో అధ్యాయం చివరి భాగానికి మించినది నాకు తెలియదు. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ కాపు లేకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానని ప్రవక్త అంటాడు. కుటుంబ ప్రార్థనలో దీన్ని మీ ఇంటి పేర్లతో చెప్పి చూడండి: తోతాపురికి ధర లేకపోయినా, టమాటా పెట్టెకు కూలి డబ్బు కూడా రాకపోయినా, వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసినా, ఆవు వట్టిపోయినా. చివరి వాక్యం దగ్గర గొంతు పెగలకపోతే అక్కడే ఆగండి, పెగలినట్టు నటించవద్దు. అదే హబక్కూకు మొదటి అధ్యాయంలో ‘నేను మొరపెడుతున్నా ఎంతకాలం వినకుండా ఉంటావు’ అని దేవుణ్ణే నిలదీశాడు. మొదటి అధ్యాయం ప్రార్థించడానికి సిగ్గుపడేవారు మూడో అధ్యాయానికి చేరడం కష్టం.

అప్పు గురించి ఒక మాట. పెళ్లికో, ఇంటికో తీర్చగలిగినదానికంటే ఎక్కువ అప్పు చేసి ‘విశ్వాసంతో అడుగు వేశాం’ అని సాక్ష్యం చెప్పడం మన మధ్య పెరిగింది. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని లూకా 14:28లో ప్రభువే అడిగాడు. ఆ లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

కాటా దగ్గర, కూలి దగ్గర

సువార్త మన వీధిలో వాళ్లకు ముందుగా చేరేది కరపత్రం ద్వారా కాదు, కాటా ద్వారా. తెల్లవారుజామున పాల కేంద్రం దగ్గర జరిగేది చూడండి. క్యాను మూత తీసి చిన్న గరిటెతో నమూనా తీస్తారు, మిషను ఫ్యాట్ ఎంతో, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థం) ఎంతో చూపుతుంది, చీటీ మీద అంకెలు పడతాయి, దాన్నిబట్టే డబ్బు. పోసేవాడు ఇంటి దగ్గరే చెంబెడు నీళ్లు కలపగలడు. పోయించుకునేవాడు చదువురాని ముసలమ్మ చీటీలో ఒక పాయింటు తగ్గించి రాయగలడు. ఇద్దరిలో ఎవరు విశ్వాసి అయినా, ఆ రోజు అతని ప్రార్థన ఆ గరిటె దగ్గరే పరీక్షకు నిలుస్తుంది. సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము 25:13 చెప్పింది. మండీలో తరుగు పేరుతో అమాయకుడికి ఎక్కువ, తెలిసినవాడికి తక్కువ కోయడం ఆ రెండు రాళ్ల కిందికే వస్తుంది.

ఏం చేయాలంటే, మీ వ్యాపారంలో ‘అందరూ చేసేదే’ అని పేరున్న పనుల జాబితా ఒకటి రాయండి. అందులో అవతలివాడికి తెలిస్తే ఒప్పుకోడు అనిపించినదాన్ని ముందు మానండి. ఆదాయం తగ్గుతుంది. తగ్గుతుందని తెలిసే మానాలి. దేవుణ్ణి నమ్మడమంటే ఏమిటో అర్థమయ్యేది ఆ తగ్గిన డబ్బుతో నెల గడిపేటప్పుడే. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం మన్నాను ఏ రోజుకారోజు ఏరుకోమంటే కొందరు మర్నాటికి దాచారు, అది పురుగు పట్టి కంపు కొట్టిందని నిర్గమకాండము 16లో ఉంది. దాచినవారు దొంగలేం కారు, రేపటికి దొరుకుతుందో లేదోనని భయపడినవారై ఉంటారు. మోసంలో చాలా భాగం ఆ భయం నుంచే పుడుతుంది.

ఉద్యోగులకైతే లూకా 3వ అధ్యాయం ఉంది. సుంకరులు (పన్ను వసూలు చేసేవారు), సైనికులు వచ్చి మేమేం చేయాలని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానుకోమనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దు, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఇంతకు ముందు తీసుకున్నది ఎవరిదో తెలిస్తే తిరిగి ఇవ్వాలి. సుంకరి జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. మనం కనీసం అసలైనా ఇద్దాం.

కూలి విషయం ఇంకా సూటిగా ఉంటుంది. కూలివాని కూలి మర్నాటి వరకు నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13, పొద్దు గుంకకముందే ఇమ్మని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతున్నాయి. అతడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అన్న కారణం కూడా అక్కడే ఉంది. మామిడి కోతకు వచ్చిన ఆడవాళ్లు సాయంత్రం ఇంటికి వెళ్లేదారిలో బియ్యం, నూనె కొనుక్కుని వెళ్లాలి. వారానికోసారి ఇచ్చే ఒప్పందమైతే ముందే చెప్పి, శనివారం వెలుతురు ఉండగానే ఇవ్వండి. ‘చిల్లర లేదు, రేపు చూద్దాం’ అన్న మాట నోట రాకుండా ముందురోజే చిల్లర మార్చి పెట్టుకోవడం కూడా భక్తిలో భాగమే.

జబ్బు చేసినప్పుడు

మన ప్రాంతపు క్రైస్తవులకు ఈ విషయంలో మంచి వారసత్వం ఉంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో మిషనరీ సంఘాలు కలిసి కట్టిన క్షయ ఆస్పత్రి 1915 నుంచి పనిచేసింది; క్షయ మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా కనిపెట్టని ఆ రోజుల్లో విశ్రాంతి, మంచి గాలి, బలమైన తిండి ఇచ్చి రోగులను నెలల తరబడి కనిపెట్టుకునేవారు. చిత్తూరు నుంచి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ (క్రైస్తవ వైద్య కళాశాల ఆస్పత్రి), 1900లో ఐడా స్కడ్డర్ మొదలుపెట్టిన చిన్న వైద్యశాల నుంచే ఎదిగింది. వాళ్లు ప్రార్థన మానుకుని వైద్యం చేయలేదు, వైద్యం మానుకుని ప్రార్థించనూ లేదు. జబ్బుపడిన హిజ్కియా రాజు ప్రార్థన విన్న దేవుడే అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టించాడని యెషయా 38లో చదువుతాం.

అందుచేత స్వస్థత కూడికకు వెళ్లి వచ్చాక షుగరు మాత్రలు, బీపీ మాత్రలు, ముఖ్యంగా క్షయ మందులు ఆపవద్దు. మామూలు క్షయకు కోర్సు ఆరు నెలలు. మధ్యలో మానేస్తే ఆ మందులకు లొంగని క్షయగా మారి, ఇంట్లో పిల్లలకు అంటవచ్చు. స్వస్థత కలిగిందని నమ్మినవారు డాక్టరుకు చూపించి, ఆయన ఆపమన్నాకే ఆపాలి. సంఘం చేయగలిగింది కూడా ఉంది: తిరుపతి రుయా ఆస్పత్రిలోనో వేలూరులోనో రోగితో రాత్రి ఉండడానికి వంతులు వేసుకోవడం, ఇంట్లో పిల్లలకు అన్నం పంపడం. వెచ్చగా ఉండండి, తృప్తిగా తినండి అని చెప్పి ఏమీ ఇవ్వకుండా పంపితే ఏం ప్రయోజనమని యాకోబు పత్రిక అడిగింది.

యాత్రికుల ఊళ్లో

తిరుపతిలో మన చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది వేరే భక్తితో వచ్చినవారు, ఆ భక్తితోనే బతికేవారు. తిరుమల కొండ మీద ఇతర మత ప్రచారానికి నిషేధం ఉంది. దాన్ని మనస్ఫూర్తిగా పాటించాలి, దొంగచాటుగా మీరడాన్ని ధైర్యం అనుకోకూడదు. మీ నిరీక్షణకు కారణం ఎవరైనా అడిగితే సాత్వికంతోను, భయంతోను చెప్పమంది 1 పేతురు 3:15. అడగాలంటే ముందు వాళ్లకు అడగాలనిపించాలి. రైలు దిగిన యాత్రికుడి దగ్గర న్యాయమైన ఆటో చార్జీ తీసుకోవడం, అతను సీట్లో మరిచిపోయిన సంచి తిరిగి ఇవ్వడం, పక్కింట్లో చావు జరిగితే మంచినీళ్లు, కుర్చీలు మోయడం మనం చేయగలిగినవి. పొరుగువారి దేవుణ్ణి ఎగతాళి చేస్తూ ప్రసంగించే వీడియోలను ఫార్వర్డు చేయకపోవడం కూడా.

శనివారం సాయంత్రం

ప్రభుబల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రాన్ని సమాధానపడడానికి కేటాయించండి. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు సహోదరుడితో సమాధానపడు అని మత్తయి 5:23-24లో ఉంది. మన ఊళ్లలో అది సాధారణంగా గట్టు తగాదాయో, ఆస్తి పంపకమో, పెళ్లిలో మర్యాద చేయలేదన్న మాటో అయి ఉంటుంది.

వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లండి; ఫోనులో తేల్చవద్దు, పాస్టరుగారిని వెంటేసుకుని వెళ్లి అవతలివారిని ఇరుకున పెట్టవద్దు. ‘నువ్వు కూడా అన్నావు కదా’ అనకుండా, నా వైపు తప్పు ఇది అని ఒక్కటి స్పష్టంగా చెప్పండి. గట్టు జరిపి ఉంటే మర్నాడే కొలిపించి సర్దుతానని మాట ఇచ్చి, ఆ ప్రకారం సర్వేయరును పిలవండి. కాఫీ ఇస్తే తాగండి. తలుపు తీయకపోతే గుమ్మం దగ్గర గొడవ చేయకుండా తిరిగి వచ్చి, వచ్చే వారం మళ్లీ వెళ్లండి. శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమని రోమీయులకు రాసిన పత్రిక 12:18 చెప్పింది కాబట్టి, మూడోసారి కూడా తీయకపోతే అప్పుడు సంఘపెద్దలిద్దరిని వెంట తీసుకువెళ్లండి.