రోడ్డు మీద మట్టి పరీక్ష బోర్లు: ట్రాఫిక్ ఎక్కడ ఆగుతుంది, ఏం సరిచేయాలి

ఫ్లైఓవర్‌కో మెట్రో పిల్లర్‌కో ముందు వేసే మట్టి పరీక్ష బోరు చూడటానికి చిన్న పని. ఒక రిగ్గు (బోరు వేసే యంత్రం), ఒక నీళ్ల ట్యాంకరు, నలుగురైదుగురు మనుషులు. అందుకే దీని ట్రాఫిక్ ప్రభావాన్ని చాలామంది ఒక్క పేరాలో తేల్చేస్తారు. నిజానికి జనాన్ని ఇబ్బంది పెట్టేది పనికి వచ్చే బండ్లు కాదు, పని కోసం మూసేసే లేను.

సమస్య: "రోజుకు పది ట్రిప్పులే, ప్రభావం స్వల్పం" అని ట్రాఫిక్ ప్రభావ నివేదికలో ఉంది. మొదటి ఉదయమే పెద్ద జామ్.

కారణం: వచ్చే బండ్లను లెక్కపెట్టారు, తగ్గిన వెడల్పును వదిలేశారు. రిగ్గు కాళ్లు, రాడ్లు పేర్చే చోటు, మడ్ పంపు (బోరులోకి బురదనీళ్లు పంపేది), డ్రమ్ములు, చుట్టూ బారికేడ్లు కలిస్తే 3.5 మీటర్ల లేను మొత్తం పోతుంది.

పరిష్కారం: సెలవు కాని మామూలు రోజున 15 నిమిషాల చొప్పున రకాలవారీగా వాహనాలు లెక్కపెట్టండి. ఉదాహరణకు రద్దీలో ఒక 15 నిమిషాల్లో ఒక దిశలో 400 టూవీలర్లు, 150 కార్లు, 70 ఆటోలు, 10 బస్సులు వచ్చాయనుకుందాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడ్ ఐఆర్‌సీ 106 (1990) ప్రకారం వీటికి పీసీయూ విలువలు (ఒక్కో బండి ఎన్ని కార్లకు సమానమో చెప్పేవి) వరుసగా 0.75, 1, 2, 2.2. టూవీలర్లూ ఆటోలూ మొత్తంలో 10 శాతం దాటాయి కాబట్టి వాటికి ఎక్కువ విలువ తీసుకోవాలి. మొత్తం 612, అంటే గంటకు 2,448 పీసీయూలు. డివైడర్ ఉన్న ఆరు లేన్ల ప్రధాన రోడ్డులో ఒక దిశకు అదే కోడ్ ఇచ్చే డిజైన్ పరిమాణం 2,700. ఒక లేను మూస్తే నాలుగు లేన్ల రోడ్డు లెక్క వర్తిస్తుంది: 1,800. తెరిచి ఉన్నప్పుడు సాఫీగా నడిచే రోడ్డు, రిగ్గు నిలబడగానే ఎందుకు ఆగుతుందో ఈ మూడు అంకెలే చెబుతాయి. లెక్క 1,800 కిందికి దిగే గంటలు ఏవో చూసి, వాటికే అనుమతి అడగండి. చాలా చోట్ల అది రాత్రే అవుతుంది.

సమస్య: రద్దీ లేని వేళ కూడా రిగ్గు దగ్గర బండ్లు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

కారణం: కోన్లు రిగ్గుకు ఐదారు మీటర్ల ముందే మొదలయ్యాయి. ఎదురుగా అడ్డం కనబడేసరికి లేను మారడానికి చోటు ఉండదు.

పరిష్కారం: గంటకు 60 కి.మీ. లోపు వేగాలకు పనికొచ్చే లెక్క ఒకటుంది. మూసే వెడల్పును (మీటర్లలో) వేగం (కి.మీ.లలో) వర్గంతో గుణించి 155తో భాగించాలి. 3.5 మీటర్లు, 40 కి.మీ. అయితే 36 మీటర్లు వస్తుంది. అంత దూరం నుంచి కోన్లను ఏటవాలుగా పెట్టండి, వాటికన్నా ముందు హెచ్చరిక బోర్డు ఉంచండి. బోరు సిగ్నల్ దగ్గర పడితే ఈ ఏటవాలు ఆగి ఉన్న బండ్ల వరుసలోకి వెళ్లిపోతుంది. అప్పుడు బోరును కొన్ని మీటర్లు జరపవచ్చా అని డిజైన్ ఇంజనీర్‌ను అడగండి. ఒప్పుకుంటే కొత్త కోఆర్డినేట్లు రికార్డులో ఎక్కించాలి.

సమస్య: టూవీలర్లు జారి పడుతున్నాయి.

కారణం: బోరులోంచి పొంగిన బెంటోనైట్ నీళ్లు (బోరు గోడలు కూలకుండా వాడే బంకమట్టి కలిపినవి). ఎండితే మామూలు దుమ్ములాగే కనిపిస్తుంది. నాలుగు చినుకులు పడ్డాయంటే సబ్బు రాసినట్టవుతుంది. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే, ఇక్కడ పోయేది సమయం కాదు, మనిషి.

పరిష్కారం: తిరిగొచ్చే బురదనీటిని 200 లీటర్ల డ్రమ్ముల్లోకి మళ్లించి, తేరిన నీటినే మళ్లీ వాడండి. బారికేడ్ల అడుగున ఇసుక సంచులు వరుసగా పేర్చండి. షిఫ్టు చివర పారతో గీకి, ఊడ్చి, ఆ తర్వాతే కడగండి. బురదను డ్రైన్‌లోకి తోయవద్దు.

సమస్య: మూడు రాత్రుల అనుమతి తీసుకుంటే పని వారం పట్టింది.

కారణం: మొత్తం లోతును మట్టిగానే లెక్కేశారు. హైదరాబాద్ లాంటి చోట మురం దాటగానే మెత్తబడిన రాయి, దాని కింద గ్రానైట్ వస్తాయి. మట్టిలో 63.5 కిలోల సుత్తిని 75 సెం.మీ. ఎత్తు నుంచి వదిలి దెబ్బలు లెక్కపెట్టే ఎస్‌పీటీ (స్టాండర్డ్ పెనిట్రేషన్ టెస్ట్) వేగంగానే సాగుతుంది. డైమండ్ బిట్‌తో రాతి కోర్ (గుండ్రటి కడ్డీలాంటి రాతి నమూనా) తీయడం చాలా నెమ్మది.

పరిష్కారం: దగ్గర్లోని పాత బోర్ల లాగ్‌లు (ఏ లోతులో ఏం తగిలిందో రాసిన రికార్డులు) చూసి, మట్టి మీటర్లకూ రాయి మీటర్లకూ సమయం విడివిడిగా వేయండి. ఒక రాత్రి అదనంగా అడగండి. పని మిగిలితే తెల్లవారకముందే రాడ్లు తీసి, రిగ్గును పక్కకు జరిపి, బోరు మీద బరువు మోసే ఇనుప ప్లేటు బిగించి లేను తెరవాలి.

ట్యాంకర్ రివర్స్ చేస్తూ రోడ్డంతా ఆపుతుంటే, బారికేడ్ల లోపలే 1,000 లీటర్ల ట్యాంకు పెట్టి షిఫ్టుకు ముందే నింపుకోండి. తాగునీటి పైపు పగిలితే మాత్రం ఏ ట్రాఫిక్ ప్లానూ పనికిరాదు. రిగ్గు దించేముందు పైపులు, కేబుళ్ల మ్యాపులు చూసి, మీటరున్నర వరకు చేత్తో గొయ్యి తవ్వి చూడండి.

సమస్య: పని అయిపోయాక కొన్నాళ్లకు అదే చోట గుంత.

కారణం: తవ్విన మట్టినే పైనుంచి పోసి కప్పేశారు. మధ్యలో ఇరుక్కుని కింద ఖాళీ మిగిలింది.

పరిష్కారం: పైపును బోరు అడుగుదాకా దించి, సిమెంట్-బెంటోనైట్ గ్రౌట్‌ను (నీళ్లతో కలిపిన పల్చటి ముద్దను) కింది నుంచి పైకి నింపండి. గ్రౌట్ కొంత కుంగుతుంది, కాబట్టి మర్నాడు చూసి మళ్లీ నింపండి. తారు ప్యాచ్ దాని తర్వాతే.